చేతితో కట్టిన కార్లకు వెల యెంత? హైదరాబాదులో ఒక సందర్శనము

హైదరాబాదు పాతబస్తీలో, ఒకదానికొకటి కొద్ది దూరముననే, వస్తువుల విలువను గూర్చి మనుష్యుని లోతుగా ఆలోచింపజేయు రెండు వాహనశాలలు కలవు. ఒకటి చౌమహల్లా ప్రాసాదములో అసఫ్‌జాహీ ప్రభువులైన నిజాముల కార్లను నిలిపియుంచిన మందిరము. రెండవది బహదూర్‌పురాలో, నెహ్రూ జంతుప్రదర్శనశాలకు చేరువలో, కె. సుధాకర్ యాదవ్ గారు స్వయముగా నిర్మించిన చిత్రవిచిత్ర వాహనములను 2010వ సంవత్సరము నుండి ప్రజలకు చూపుచున్న సుధా కార్ల మ్యూజియము. మోటారు నష్టముల నంచనా వేయుటలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్న సర్వేయరు మిత్రుడొకరు తోడురాగా, ఈ రెంటిని ఒకే దినమున చూచు అవకాశము నాకు లభించినది. లోకమున మఱియొకటి లేని కారు అగ్నికి ఆహుతియైనను, వరదలో మునిగి చెడినను, దాని యథార్థమైన వెలను యజమానికి ముట్టజెప్పు బీమా ఎట్లుండవలెనను ప్రశ్నయే మమ్ము అచటికి కొనిపోయినది. 2020 అక్టోబరు వరదలలో పాతబస్తీ కాలనీలు మునిగిన సంగతి నెఱిగినవారికి ఈ ప్రశ్న కేవలము ఊహాజనితమని తోపదు.

చౌమహల్లాలో అద్దముల వెనుక నిలిచియున్న పసుపువన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూచినంతనే, ఇది అంగడిలో కొన్న బండి కాదని తెలిసిపోవును. ఆ కాలమున రోల్స్ రాయిస్ వారు ఇంజనును, ఛాసిస్‌ను మాత్రమే చేసి యిచ్చెడివారు. పైదేహమును కొనువారి యభిరుచి ననుసరించి ప్రత్యేక శిల్పులు కట్టెడివారు. ఈ కారు దేహమును లండనులోని బార్కర్ సంస్థవారు నిర్మించిరి. వెనుకభాగమున ప్రభువు కూర్చుండుటకు సింహాసనమువంటి పీఠమును ఎత్తుగా అమర్చిరి. దీనికై ఉత్తరువిచ్చిన ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో పరమపదించుటచే, కారు ఆయన కుమారుడైన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చెందినది. తయారైననాడు చెల్లించిన సొమ్ము దీని నేటి విలువకు ప్రమాణము కాజాలదు. అట్లని మఱియొక దాని ధరతో పోల్చి చెప్పుదమన్న, ఇటువంటిది మఱియొకటి లేదు.

అచట నిలుచుండియే నా మిత్రుడు మన దేశపు మోటారు బీమా పద్ధతిని వివరించెను. 2002లో అమలునకు వచ్చిన భారత మోటారు టారిఫు ప్రకారము, ఏజెంట్లు ఐడీవీ యని పిలుచు బీమా మొత్తమునకు మూలము తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర. అందుండి వయస్సునుబట్టి తరుగు తీసివేయుదురు. ఆఱు నెలలలోపు కారునకు 5 శాతము, సంవత్సరములోపు 15 శాతము, అట్లే పెరుగుచు నాలుగు దాటి ఐదేండ్లలోపున్నదానికి 50 శాతము. ఐదేండ్లు దాటినవానికి, తయారీ నిలిచిపోయిన నమూనాలకు పట్టిక వర్తింపదు. బీమా సంస్థయు యజమానియు కలిసి విలువను నిర్ణయించుకొనవలెను. అయితే ఆ విలువ నష్టకాలమున ప్రశ్నకు గురికాకుండ ముందే స్థిరపరచు అంగీకృతమూల్యపు పాలసీని టారిఫు వింటేజి కార్లకు మాత్రమే అనుమతించినది. 1940 డిసెంబరు 31కి పూర్వము తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువపఱచినవి మాత్రమే ఆ టారిఫు దృష్టిలో వింటేజి కార్లు. ఆ తేదీకి పూర్వపుదగుటచే సింహాసనపు కారువంటిదానికి ఆ టారిఫు ఈ ద్వారమును తెఱచియే యుంచెను.

బహదూర్‌పురాలో కథ వేఱు. లోపల అడుగిడినంతనే క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాలు, బిలియర్డు బల్ల, వంకాయ, మడమయెత్తు చెప్పు, కలము, బర్గరు, ఇవి యన్నియు చక్రములు దాల్చి, ఇంజను గలిగి, నడచు వాహనములై బారులుతీరి నిలిచియుండును. పాతసామాను దుకాణములలో దొరకు తుక్కుభాగములతో వీనిని కట్టిరి. 2005 జూలై 1వ తేదీన సుధాకర్ యాదవ్ గారు నగరములో నడిపిన మూడుచక్రముల సైకిలు 41 అడుగుల 7 అంగుళముల యెత్తుతో గిన్నిస్ పుస్తకమున కెక్కినది. వంకాయకారు దేహముపై వంపుల వెంబడి చూపు నడిపించితిని; సమతలమైన రేకు ఆ నునుపైన గుండ్రదనమును పొందుటకు ఎన్ని సుత్తిదెబ్బలు, ఎంత ఓర్పు కావలసివచ్చినదో ఊహించితిని. వేలకొలది కార్లను ఒకే అచ్చున పోయు కర్మాగారము ఇంతటి శ్రమను ఒక్కదానిపై ఎన్నడును వెచ్చింపదు.

"చూడండి, మా పట్టికకు ఇక్కడ మొదటి మెట్టే లేదు" అనెను మిత్రుడు. తయారీదారు ప్రకటించిన ధర యన్నదే లేనప్పుడు తరుగు దేనినుండి తీయవలెను? భాగముల లెక్క మఱింత కఠినము. మామూలు మోటారు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్కు, టైర్లు, బ్యాటరీలకు సగము కోత. పదేండ్లు దాటిన బండిలో లోహమునకు, కొయ్యకు గూడ సగము కోత. అంగడిలో దొరకు తలుపునకు ఈ న్యాయము చెల్లును; చేతితో సాగగొట్టి చేసిన తలుపు పాతదైనంతమాత్రమున, దానిని తిరిగి చేయువాని శ్రమ సగమగునా?

ప్రదర్శనశాలలో కదలక నిలిచిన వాహనమునకు అగ్ని బీమాయే ముఖ్యమని, అందును జాగ్రత్త వలయునని మిత్రుడు చెప్పెను. కళాఖండములకు, అపురూపవస్తువులకు ప్రత్యేకముగా పేర్కొననిదే 10,000 రూపాయలకు మించి పరిహారమీయమని అగ్ని బీమా టారిఫు నాటి ప్రామాణికమైన పాలసీ చెప్పెడిది. విలువ తక్కువగా చూపుట మఱియొక ప్రమాదము: 20 లక్షల వస్తువునకు 5 లక్షలకే బీమా చేసి, 4 లక్షల నష్టము పొందినవానికి, బీమా చేసిన పాలుకే చెల్లించు సరాసరి నియమము ప్రకారము లక్షయే చేతికి వచ్చును. కాని ఆ టారిఫులోనే ఒక చక్కని మార్గము ఉండెను. మార్కెటు ధర నిర్ణయింప వీలుగాని అపురూపవస్తువులకు, కళాఖండములకు, వ్రాతప్రతులకు, వాడుకతప్పిన యంత్రములకు, విలువనిర్ధారణ పత్రము సమర్పించినచో, సంస్థ దాని నంగీకరించినచో, స్థిరమూల్యపు పాలసీ ఈయవచ్చునని అది చెప్పినది. వంకాయకారు కళాఖండము కాదని యెవరనగలరు?

ముందే విలువ నంగీకరించుటకు బీమా సంస్థలు చూపు సంకోచమునందును న్యాయము లేకపోలేదు. నష్టపోయినవానిని పూర్వస్థితికి తెచ్చుటయే బీమాధర్మము. నష్టమే లాభసాటియగునట్లు విలువ పెంచి వ్రాసినచో మోసమునకు దారి తెఱచినట్లగును. కనుకనే అమెరికాలో సేకర్తల కార్లకు అంగీకృతమూల్యపు పాలసీ లిచ్చువారు ఛాయాచిత్రములను, నిపుణుల అంచనాలను ముందే కోరుదురు. అచటను ఒక చిక్కు కలదు: యజమాని కేవలము "పేర్కొన్న" విలువగల పాలసీలో, ఆ మొత్తము, నష్టకాలపు మార్కెటు ధర, ఈ రెంటిలో తక్కువదానినే చెల్లించు పద్ధతి యున్నది. అంగీకరించిన విలువ వేఱు, పేర్కొన్న విలువ వేఱు. తేడా యజమానికి తెలియునది నష్టము జరిగిన పిదపనే.

చేతితో కట్టిన వాహనము గల ప్రతియొక్కరికి నా మనవి యిది. నిర్మాణమునందలి ప్రతి దశను ఛాయాచిత్రములలో నిలుపుడు. కొన్న భాగముల రసీదులను, పనివాండ్ర దినముల లెక్కను భద్రపఱచి, వాని ప్రతులను వాహనమున్న చోట గాక వేఱొక చోట నుంచుడు. అర్హుడైన నిపుణునిచే అంచనా వ్రాయించి, కొన్ని యేండ్ల కొకసారి దానిని సవరింపించుడు. అంగీకృతమైన మొత్తము పాలసీ పత్రముపై స్పష్టముగా ముద్రింపబడినదో లేదో చదివి చూచినపిదపనే ప్రీమియము చెల్లింపుడు. బీమా సంస్థలకును ఒక మనవి: వింటేజి కార్లకు 1940 నాటి గీత గీచి చూపిన ఔదార్యమును, నేడు మన కన్నులయెదుట చేతితో కార్లను సృష్టించుచున్న శిల్పులకును విస్తరింపజేయుడు. పనితనమునకు వెల కట్టవలసిన సమయము అది నశించిన పిదప కాదు, అది నిలిచి యున్నప్పుడే.