కెమ్మరర్‌లో చేపల వేట

ఈసారి సెలవులకి డిస్నీ వద్దు, రాళ్లు కొడదాం అంది మా పెద్దది. సరేనని వయోమింగ్‌లోని కెమ్మరర్ వెళ్లాం. చుట్టూ ఎండిపోయిన గుట్టలు. ఒకప్పుడు అక్కడో పెద్ద సరస్సు ఉండేదట, దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే పొరలుపొరలుగా రాయైంది. డబ్బు కడితే ప్రైవేటు క్వారీ వాళ్లు సుత్తీ ఉలీ చేతికిస్తారు. పలక అంచు మీద మెల్లగా తడుతూ పోవాలి, పుస్తకంలా విచ్చుకుంటుంది. చాలావాటిలో ఏమీ ఉండదు. ఎండ మాత్రం మాడు పగలగొడుతుంది.

ఉన్నట్టుండి ఒకదాంట్లో వేలెడంత చేప! నైటియా. హెర్రింగ్‌కి దూరపు చుట్టం, దాదాపు 5.2 కోట్ల ఏళ్ల నాటిది. వెన్నెముక, తోక, సన్నటి పక్కముళ్లు అన్నీ గోధుమరంగులో అచ్చుగుద్దినట్టున్నాయి. మా అత్తయ్య కళ్లజోడు సవరించుకుని చూసి, “కాస్త ముందొచ్చుంటే పులుసు పెట్టేదాన్ని” అంది.

పక్కనే ఉన్న ఫాసిల్ బ్యూట్ నేషనల్ మాన్యుమెంట్‌లో ఇలా కుదరదు. అక్కడ తవ్వకూడదు, ఏరుకోకూడదు, చూసి రావడమే. అదీ మంచిదే, లేకపోతే మాలాంటివాళ్లు గుట్టంతా ఊడ్చేస్తారు.

మన గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉందని కార్లో పిల్లలకి చెప్పాను. చిన్నోడు వెంటనే అడిగాడు: “అక్కడ సుత్తి ఇస్తారా?”