కోటగడ్డ నుండి నీలి నెత్తురు దాకా

కొండాపూర్ అనగానే హైదరాబాదులోని అద్దాల మేడలు గుర్తుకు రావచ్చు. నేను చెప్పేది సంగారెడ్డి అవతలి కొండాపూర్ సంగతి. ఊరి దగ్గరి మట్టిదిబ్బను జనం కోటగడ్డ అంటారు. 1940 దరిదాపుల్లో గులాం యజ్దానీ ఆధ్వర్యాన దాన్ని తవ్వితే శాతవాహనుల కాలపు నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. మ్యూజియంలో వాటితోపాటు చిప్పతో చేసిన వస్తువులూ ఉన్నాయి. సముద్రం ఎక్కడ, ఈ మెట్టనేల ఎక్కడ!

తిరుగుదారిలో పటాన్‌చెరు వైపు వస్తే, పాశమైలారం చుట్టుపక్కల మందుల కర్మాగారాలు. ఈ పరిశ్రమకూ సముద్రంతో చుట్టరికం ఉంది. ఇంజెక్షను మందులో సూక్ష్మజీవుల విషం లేశమైనా మిగిలితే రోగికి చలిజ్వరం పట్టుకుంటుంది. దాన్ని కనిపెట్టడానికి పూర్వం కుందేళ్లకు మందు ఎక్కించి, జ్వరం వస్తుందేమోనని చూసేవారు. 1956లో ఫ్రెడరిక్ బాంగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, సూక్ష్మజీవులు సోకితే గుర్రపుడెక్క పీత నెత్తురు గడ్డకడుతుందని గమనించాడు. తరువాత జాక్ లెవిన్‌తో కలిసి దాన్ని పరీక్షగా మలిచాడు. 1977లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. కుందేలు బ్రతికింది, వంతు పీతకు వచ్చింది.

ఇది పేరుకే పీత. సాలీడుకూ తేలుకూ దగ్గరి చుట్టం. మన బంగాళాఖాతంలోనూ ఉంది. నెత్తుట్లో రాగి ఉన్నందున అది నీలంగా ఉంటుంది. అమెరికా తీరంలో వీటిని పట్టి, గుండెలో సూది గుచ్చి, కొంత నెత్తురు తీసి మళ్లీ సముద్రంలో వదులుతారు. కొన్ని చచ్చిపోతాయి.

మరి, నోరులేని ఆ ప్రాణికి నొప్పి ఉంటుందా? దాని దూరపు బంధువుల సాక్ష్యం వినండి. 2008లో బెల్ఫాస్టు శాస్త్రజ్ఞులు రొయ్య మీసానికి ఆమ్లం పూస్తే, అది అదే మీసాన్ని పదేపదే రుద్దుకుంది. మొద్దుబార్చే మందు పూస్తే రుద్దడం తగ్గింది. 2021లో రాబిన్ క్రుక్ జరిపిన పరీక్షలో, ఆమ్లం సూది పడిన ఆక్టోపస్ తనకు ఉపశమనపు మందు దొరికిన గదినే కోరుకుంది. 2022లో బ్రిటన్ తన చట్టంలో ఆక్టోపస్‌లనూ పీతలనూ చేర్చింది. పేరుకే పీత అయిన మన జీవికి అందులో చోటు దక్కలేదు. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మాత్రం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదాన్నీ జంతువుగానే లెక్కిస్తుంది.

మత్తుమందుకన్నా మేలైన ఉపాయం, అసలు సూది గుచ్చకపోవడమే. సింగపూరు శాస్త్రజ్ఞులు 1990లలోనే ఆ నెత్తుటి గుణాన్ని ప్రయోగశాలలో పుట్టించారు. 2021 నుండి యూరపు మందుల ప్రమాణగ్రంథం దాన్ని ఒప్పుకుంటోంది. బిడ్డకు ఇంజెక్షను వేయించేటప్పుడు మన గుండె గుబగుబలాడుతుంది. ఆ సూదికి ముందు మరో ప్రాణి గుండెలో సూది దిగనక్కర్లేని దారి ఉన్నప్పుడు, ఆ దారి పట్టడమే ధర్మం.