అత్తరు వీధిలో ఒక పాఠం

చార్మినార్ చుట్టూ ఉన్న వీధులకు తమదైన పరిమళం ఉంది. 1591లో వెలసిన ఆ కట్టడం నుండి గుల్జార్ హౌజ్ వైపు నడిచేవారిని అత్తరు దుకాణాలు ముందుగా వాసనతోనే పలకరిస్తాయి. గాజు సీసాలలో గులాబీ, మల్లె, ఊద్ వరుస తీరి ఉంటాయి. వేసవికి చల్లదనమిచ్చే ఖస్, అనగా మన వట్టివేరు. చలికాలానికి వెచ్చని షమామా. తరతరాలుగా ముస్లిం కుటుంబాల పండుగలు, పెళ్ళిళ్ళు ఈ సీసాలతోనే ముడిపడి ఉన్నాయి.

రమజాన్‌కు ముందు ఒక సాయంత్రం మేము నలుగురు ఉపాధ్యాయులం ఆ వీధికి వెళ్ళాము. ఒక దుకాణంలో వృద్ధుడైన యజమాని మా చేతులపై ఒక్కొక్క చుక్క రాసి చూపుతుండగా, మాలో ఒకరు వెనక్కు తగ్గి రుమాలుతో ముక్కు మూసుకున్నారు. దగ్గు మొదలైంది. తల తిరుగుతోందన్నారు. యజమాని వెంటనే సీసాకు మూత బిగించి, గాలి తగిలే గడప దగ్గర కుర్చీ వేసి, మంచినీళ్ళు అందించారు.

“హజ్రత్, కొందరికి ఇది పడదు. మా కోడలికీ అంతే. ఇంటికి చేరగానే నేను స్నానం చేసి, బట్టలు మార్చుకున్న తరువాతే లోపలి గదిలోకి వెళ్తాను” అన్నారాయన.

దీనినే రసాయన సున్నితత్వం అంటారు. సుగంధ ద్రవ్యాలు, అగరుబత్తి పొగ, ఫినాయిల్, కొత్త రంగులు, కలరా ఉండలు, దోమల మందు - ఇతరులు గమనించని కొద్ది మోతాదులోనే కొందరికి తలనొప్పి, వికారం, ఆయాసం, నిస్సత్తువ కలిగిస్తాయి. ఆలోచన కూడా మందగిస్తుంది. దూరంగా జరిగితే ఉపశమనం కలుగుతుంది. దీని కారణంపై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. సాధారణ పరీక్షలలో ఏమీ కనబడకపోవచ్చు. అందువల్లనే ఇంటివారు దీనిని నెపమని కొట్టివేస్తుంటారు. బాధ మాత్రం నిజం. ఉబ్బసం వంటివి కూడా ఉండవచ్చు కనుక వైద్యునికి చూపించడం అవసరం. సహజమైనదైతే హాని చేయదనుకోవడమూ సరికాదు. కనౌజ్‌లో రాగి పాత్రలలో గులాబీ రేకులను కాచి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టిన అసలైన అత్తరు కూడా కొందరికి సరిపడదు.

అక్కడినుండి మక్కా మస్జిద్ కొద్ది దూరమే. ఇషా నమాజుకు మా మిత్రుడు లోపలికి రాక, విశాలమైన ప్రాంగణంలోనే నిలబడ్డారు. తమ మొహల్లా మస్జిద్‌లో ఊద్ పొగ వేయడం మొదలైన నాటినుండి తరావీహ్ ఇంట్లోనే చదువుకుంటున్నానని ఆయన మెల్లగా చెప్పారు. ఆ మాట మమ్మల్ని కలచివేసింది.

జుమా నాడు సుగంధం పూసుకోవడం సున్నత్. దైవప్రవక్త (స) సుగంధాన్ని ఇష్టపడేవారు. అయితే పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారిని మస్జిద్‌కు దూరంగా ఉండమని చెప్పినదీ ఆయనే. ఆ ఆదేశంలో గమనించవలసినది ఒకటుంది: వాసన మోసుకొచ్చేవాడినే ఆగమన్నారు గాని, దానివల్ల బాధపడేవాడిని ఇంట్లో కూర్చోమనలేదు. పసిబిడ్డ ఏడుపు విని, తల్లి మనసు తల్లడిల్లుతుందని ఆయన నమాజును కుదించేవారు. తోటివారి ఇబ్బందిని గమనించడం ఆరాధనలో భాగమని ఇవి బోధిస్తున్నాయి.

కనుక మస్జిద్ కమిటీలు ఊద్ పొగను, స్ప్రేలను నమాజు వేళ మానాలి. రంగులు, పురుగుమందుల పని ఉంటే ముందుగా ప్రకటించాలి. కిటికీల వైపు కొంత చోటును సువాసన లేకుండా ఉంచాలి. పెళ్ళిళ్ళలో అతిథుల మీద అత్తరు చల్లే ముందు అడగాలి. ఇంట్లో కోడలో, బిడ్డో ఫలానా వాసన పడదంటే, రుజువు కోరకుండా ఆ వస్తువును పక్కన పెట్టాలి.

సుగంధం పూసుకున్నవారికి పుణ్యం ఉన్నట్లే, సోదరుని ఊపిరి కోసం దానిని ఒక పూట విడిచినవారి ప్రతిఫలం కూడా అల్లాహ్ వద్ద వృథా కాదని మేము ఆశిస్తున్నాము.