ముందు విందాం, తర్వాత ధైర్యం చెబుదాం

ఒక మాట అడుగుతాను, చెప్పండి. మనసు బాగాలేదని ఇంటికొచ్చిన మనిషికి మనం ముందు ఏమిస్తాం? చాయ్. ఆ వెంటనే సలహా. "ఏం గాదు తియ్యి, గట్ల ఆలోచన జెయ్యకు, ధైర్యంగుండు" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటతో అవతలి మనిషి నోరు మూతపడుతుంది. చెప్పుకుందామని వచ్చింది చెప్పకుండానే చాయ్ తాగి వెళ్లిపోతాడు.

సైకోథెరపీలో మొదటి పాఠం ఈ తొందర మానుకోవడమే. వినేవాడు నటించకూడదని, ఎదుటివాడి తప్పొప్పులు ఎంచకుండా గౌరవించాలని, అతని బాధను అతని వైపు నుంచే చూడాలని అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ 1957లో రాశాడు. తేలిగ్గా అనిపిస్తోందా? ఇవాళ మీ ఇంట్లోవాళ్ల మాట పది నిమిషాలు అడ్డుపడకుండా విని చూడండి.

అయితే వినడంతోనే పని పూర్తి కాదు. మన వికారాబాద్ సంగతే చూడండి. జిల్లా ఏర్పడిన మరుసటి ఏడే, 2017లో, దివ్య దేవరాజన్ కలెక్టరుగా ఉండగా జిల్లా యంత్రాంగం, సుస్థిర వ్యవసాయ కేంద్రం కలిసి ఇక్కడ 'కిసాన్ మిత్ర' హెల్ప్‌లైన్ పెట్టాయి. కష్టంలో ఉన్న రైతు ఫోన్ చేస్తే గోడు వింటారు. పాస్‌బుక్కు రాకపోయినా, బ్యాంకు అప్పు పుట్టకపోయినా ఆ చిక్కును సంబంధిత అధికారి దాకా తీసుకెళ్తారు. నాకు ఇది ఎంతో సరైన పద్ధతి అనిపిస్తుంది. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నప్పుడు "మంచిగా ఆలోచించు" అనడం క్రూరమే కదా!

థెరపీలోనూ సమస్యను విడదీసి పట్టుకునే పద్ధతి ఒకటుంది. బుర్రలో ముద్దకట్టిన చిక్కులన్నీ కాగితం మీద పెడతారు. ఈ వారం కదపగలిగింది ఒక్కటి ఎంచుకుంటారు. ఎంచుకునేది వచ్చినవాళ్లే, థెరపిస్టు కాదు. మళ్లీ వారం కూర్చుని ఏమైందో చూస్తారు. జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ఈ పనిని అమ్మమ్మల చేతిలో పెట్టారు. క్లినిక్కు బయట చెక్క బెంచీ మీద కూర్చుని వాళ్లు వింటారు. ఆర్నెల్ల తర్వాత చూస్తే కుంగుబాటు బాగా తగ్గిందని 2016లో అచ్చయిన పరిశోధన చెప్పింది. మన జిల్లా తాండూరులో నాపరాతి బండలకేం కరువు? ప్రతి ఆరోగ్య కేంద్రం ముందు చెట్టు కింద ఒక బండ వేసి, శిక్షణ పొందిన పెద్దమ్మను కూర్చోబెట్టాలని నాకెంతో ఆశ.

కానీ చిన్న ఊళ్లో అందరూ చుట్టాలే. చెప్పింది బయటికి పొక్కుతుందేమోనన్న భయం ఉంటుంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప థెరపిస్టు ఆ గుట్టు బయటపెట్టకూడదు. జబ్బు ముదిరితే మాటలతోపాటు మందులూ కావాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎవరికి చెప్పాలో తోచనప్పుడు టెలిమానస్ హెల్ప్‌లైన్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. నంబరు 14416. మీ ఇంటి గోడ మీద, అందరికీ కనిపించే చోట రాసి పెట్టండి.