పులిహోర ఏ గణం?

పైనున్న ప్రశ్న చూసి నవ్వొచ్చిందా? వస్తే మంచిదే. మా పద్యం తరగతి మూతపడకుండా కాపాడింది ఈ ప్రశ్నే. ఆ కథ ఈ సంచికలో మీతో పంచుకోవాలనిపించింది.

మన బడిలో పెద్ద పిల్లలకు పద్యాలు, కొంచెం ఛందస్సు చెప్పే పని మా నలుగురిదీ. నలుగురమూ ఉద్యోగస్తులమే, పండితులం కాదు. చిన్నప్పుడు హైస్కూల్లో తెలుగు మాస్టారి బెత్తానికి భయపడి గణాలు బట్టీ పట్టినవాళ్ళం. ఆ భయం పోయాక మిగిలిన ఇష్టంతో ఈ తరగతి మొదలుపెట్టాం. కానీ 2023 సెప్టెంబరులో బడి తెరిచేసరికి మా గదిలో ముగ్గురే పిల్లలు! 2024 ఉగాదికల్లా ఎనిమిది మంది కాకపోతే తరగతిని మాటల తరగతిలో కలిపేద్దామని బడి కమిటీ అంది. వాళ్ళను తప్పు పట్టలేం. లైబ్రరీలో గదులు తక్కువ, అ ఆలు నేర్చుకునే చిన్నపిల్లలు ఎక్కువ.

సరే, ఈ రోజుల్లో తల్లిదండ్రులూ పిల్లలూ ఉండేది ఫోనులోనే కదా, అక్కడికే వెళదామనుకున్నాం. యూట్యూబులో ఒక వీడియో పెట్టాం. పేరు "ఉత్పలమాల లక్షణములు". నిడివి 12 నిమిషాలు. నాలుగు పాదాలు, పాదానికి భ ర న భ భ ర వ అనే గణాలు, 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. ఒక్క ముక్క తప్పు లేదు. వారం తర్వాత చూస్తే 11 మంది చూశారు. అందులో మేము నలుగురం, మా ఇళ్ళలోవాళ్ళు నలుగురు. మిగిలిన ముగ్గురూ ఎవరో గానీ, వాళ్ళకు మా నమస్కారాలు!

మా పిల్లల్నే అడిగాం, ఎందుకు చూడలేదని. ఒక పాప మొహమాటం లేకుండా చెప్పింది: "అంకుల్, అది నా గురించి కాదు కదా!"

ఆ మాట మా నలుగురికీ తగిలింది. మేము ఛందస్సును ఛందస్సు తెలిసినవాళ్ళకు చెబుతున్నాం. తెలియనివాడు లోపలికి రావడానికి గుమ్మమేది? ఆ రాత్రి మా ఒకరి ఇంట్లో భోజనాల దగ్గర ఇదే చర్చ. విస్తట్లో పులిహోర ఉంది. ఎవరో వేళ్ళతో బల్ల మీద తట్టారు: పు, లి రెండూ లఘువులు, హో గురువు, ర లఘువు. సలము! ఇంద్రగణం! పక్కనున్న పెసరట్టూ అదే లెక్క. గోంగూర తగణం. గారె, బూరె రెండూ హగణాలు, అంటే సూర్యగణాలు. మేమున్న దేశం సంగతేమిటని చూస్తే "అమెరికా" మూడు లఘువులు, ఒక గురువు, నగము. అదీ ఇంద్రగణమే!

మర్నాడు 40 సెకండ్ల రీలు చేశాం. బోర్డు లేదు, లక్షణాలు లేవు. లఘువు పలకడానికి చిటికె వేసేంత సేపు పడుతుంది, గురువుకు దానికి రెట్టింపు. అందుకని లఘువుకు చిటికె, గురువుకు చప్పట్లు. "శ్రావణి భగణం, సుజాత జగణం, ఆదిత్య తగణం. మరి మీ పేరు?" అని ముగించాం. అది ఇళ్ళ వాట్సాప్ గుంపుల్లోకి వెళ్ళిపోయింది. పిల్లలు తమ పేర్లు, కుక్కపిల్లల పేర్లు, తాతల పేర్లు పంపడం మొదలుపెట్టారు.

ఇక్కడే మేము ఒక పొరపాటు చేశాం. దాచుకోకుండా చెప్పాలి.

సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందనేది నియమం. రెండో రీలులో ఈ వాక్యం మరీ పొడుగైందని "వత్తున్న అక్షరం గురువు" అని కత్తిరించేశాం. చెవికి బాగుంది, త్వరగా అర్థమైంది, మొదటి రీలు కన్నా ఎక్కువమంది చూశారు. కానీ అది తప్పు! ఒక బాబు వాళ్ళ అమ్మమ్మ పేరు "లక్ష్మి"కి ముందు చిటికె, తర్వాత చప్పట్లు వేసి ఇండియాకు వీడియో కాల్లో చూపించాడట. ఆవిడ ఛందస్సు చదువుకోలేదు, మంగళహారతులు పాడడమే తెలుసు. "నా పేరులో బరువు ముందుంది నాన్నా, వెనక కాదు. లక్ అని నొక్కి పలకమూ?" అన్నారట. చెవితో ఆవిడ పట్టుకున్నది మేము పుస్తకం దగ్గర పెట్టుకుని కూడా పోగొట్టుకున్నాం.

ఆ వీడియో తీసేశాం. "మేం తప్పు చెప్పాం, ఒక అమ్మమ్మగారు దిద్దారు" అంటూ ఇంకొకటి పెట్టాం. అందులో "లక్-ష్మి" అని విడదీసి పలికి చూపించాం. కొంచెం పొడుగైంది. ఫరవాలేదనుకున్నాం.

ఇదంతా మన ఊళ్ళోనే ఉండే పెద్దాయన, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు మాస్టారి దాకా వెళ్ళింది. "ఏమర్రా, ఛందస్సుని పులిహోరలో కలిపేశారటగా?" అని ఫోను. మేము భయపడుతూనే వెళ్ళాం. కాఫీ ఇచ్చి ఆయన చెప్పిన మాటలు మాకు మళ్ళీ పాఠశాల లాంటివి.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగి. అవధాని నిషిద్ధాక్షరితోనో సమస్యతోనో కుస్తీ పడుతుంటే ఈయన మధ్యలో దూరి చిలిపి ప్రశ్నలు వేస్తాడు. అవధాని చమత్కారంగా జవాబు చెబుతాడు. పద్యం అర్థం కాని ప్రేక్షకుడు కూడా నవ్వుతూ చివరిదాకా కూర్చుంటాడు. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఉంటాడు. హరికథలో పిట్టకథలుంటాయి. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవపురాణం రాయడానికి ద్విపదను ఎంచుకున్నది నలుగురికీ అందాలనే. "మీరు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. హాస్యగాడు కథకుడి పక్కన నిలబడతాడు, కథకుణ్ణి తోసెయ్యడు" అన్నారు.

అప్పటినుంచి మా లెక్క మార్చుకున్నాం. పొట్టి చేయడానికి వీలైనవి పొట్టి చేస్తాం, వీలుకానివి తరగతికి అట్టిపెడతాం. యతిమైత్రిని 40 సెకండ్లలో చెప్పాలని మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాం. "మిగతాది ఆదివారం పదకొండింటికి, లైబ్రరీ వెనక గదిలో" అని పెట్టాం. వీడియోలు చూసినవాళ్ళంతా రాలేదు. చాలామంది నవ్వుకుని ముందుకు పోయారు. కానీ ఆరుగురు కొత్త పిల్లలొచ్చారు. మూడూ ఆరూ తొమ్మిది!

ఆ తొమ్మిది మందీ కలిసి 2024 ఉగాది సభలో ఒక ద్విపద చదివారు. ద్విపదకు పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండాలి. మూడో గణం మొదటి అక్షరం దగ్గర యతి, రెండు పాదాలకూ ప్రాస కుదరాలి. వాళ్ళు కట్టింది ఇదీ:

గోంగూర పులిహోర గుమ్మడి గారె
బంగాళదుంపలు బజ్జీలు బూరె

సభంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. ముందు వరసలో కూర్చుని వేళ్ళు మడుస్తూ లెక్క వేసుకున్నారు. గో-గు, బ-బ యతి సరే. ప్రాసస్థానంలో నిండుసున్న, గకారం సరే. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తిండి గోలే అనుకో, కానీ ద్విపదే" అన్నారు.

ఇంకో ముచ్చట. ఒక బాబు పిజ్జాను కూడా చేర్చాలని పట్టుబట్టాడు. "పిజ్జా" రెండూ గురువులే, ద్విపదలో ఇమడదన్నాం. వాడు కాసేపు ఆలోచించి "పిజ్జాలు అంటే?" అన్నాడు. తగణం! మన "లు" తగిలించుకుంటే పిజ్జాకి కూడా పద్యంలో చోటు దొరికింది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ పుస్తకం మూసేముందు మీ పిల్లల పేరు ఏ గణమో వాళ్ళతో కలిసి చిటికెలు, చప్పట్లు వేసి చూడండి. అనుమానమొస్తే ఇండియాలో అమ్మమ్మకో బామ్మకో ఫోను చేయండి. అక్కడా తేలకపోతే ఆదివారం పదకొండింటికి రండి. లైబ్రరీ వెనక గదిలో మీకోసం ఎదురుచూస్తుంటాం.