ఇటుకల బండి

మా పికప్ వయసు 20 ఏళ్ళు దాటింది. మేం కొనక ముందు ఒక ఇటుకబట్టీలో తిరిగింది. ఇప్పుడు కడియపులంకలో మా నర్సరీ మొక్కలు మోస్తోంది. మొదటి ఆరు నెలలూ ఎన్ని మొక్కల్ని చేర్చిందో, దారిలోనే ఎన్నిటి ఉసురు తీసిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మామిడి అంటు ప్రాణమంతా వేళ్ళను పట్టుకున్న మట్టిముద్దలో ఉంటుంది. సంచిలో ఆ ముద్ద చిట్లితే పీచువేళ్ళు తెగుతాయి. ఆకులు కొన్నాళ్ళు పచ్చగానే ఉండి, ఉన్నట్టుండి వేలాడతాయి. ఇక ఎన్ని నీళ్ళు పోసినా తేరుకోదు. రైతు ఫోన్ చేసి "మొక్క మంచిది ఇవ్వలేదండీ" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. మంచి మొక్కే ఇచ్చాం. బండి కుదిపేసింది.

రాజమండ్రిలో కమాన్ల పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వెనక బంపరెక్కి నిలబడి రెండుసార్లు గట్టిగా ఊగారు. బండి కదల్లేదు.

"ఇది బండి కాదండి, అరుగండి" అన్నారు.

కిందికి దూరి లెక్కపెడితే ఒక్కో కమాను కట్టలో 9 పట్టీలు. వాటిలో పాతవి 7, అన్నీ 6 మిల్లీమీటర్ల మందం. తరవాత ఎవరో ఎక్కించినవి 2, ఒక్కోటి 8 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల తేడా ఏపాటిదనిపిస్తుంది. కానీ కమాను పట్టీ బిర్రుతనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిర్రు 8 రెట్లు. ఆ లెక్కన ఒక్క 8 మిల్లీమీటర్ల పట్టీ రెండుంబావుకు పైగా పాత పట్టీల పెట్టు. ఇంటికొచ్చి కాగితం మీద వేసుకున్నాను. 7 పట్టీల కట్ట ఇంచుమించు 12 పట్టీల కట్టయి కూర్చుంది.

బట్టీవాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. ఇటుకలు నింపితే కట్ట చదునైపోయి, ఇరుసు పైకి లేచి రబ్బరుకు గుద్దుకుంటుంది. ఇంకో పట్టీ వేస్తే బండి వెనక భాగం ఎత్తుగా నిలబడుతుంది, చూసినవాళ్ళకు బలం పెరిగిందనిపిస్తుంది. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు మాత్రం పాతవే కదా! కమాను మింగవలసిన దెబ్బ ఛాసిస్‌కు ఎక్కుతుంది. మా ఛాసిస్ మీద రెండుచోట్ల పాత వెల్డింగు మచ్చలున్నాయి. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. నేను కోరుకుంటున్నది బండి పుట్టినప్పటి తీరే.

"ఆ రెండూ తీసేస్తే చాలదా అండీ?" అన్నాను.

"సగం పనేనండి. ఉన్నవి జారాలి కదండీ."

ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పి కట్ట విడదీశాక ఆ మాట అర్థమైంది. బరువు పడ్డప్పుడు పట్టీలు ఒకదాని మీద ఒకటి జరగాలి. వంపు తగ్గేకొద్దీ కట్ట పొడవు సాగుతుంది. సాగినదానికి చోటివ్వడానికే దాని కొసన షాకిల్ ఊగుతూ ఉంటుంది. మా షాకిల్ తుప్పుతో బిగుసుకుపోయింది. పట్టీల మధ్య ఎర్రటి పొడి అట్టకట్టి ఉంది. అదీ తుప్పే అనుకున్నాను. వేళ్ళ మధ్య నలిపి చూస్తే చాలామటుకు ఇటుకపొడి! బట్టీ వదిలి వచ్చి ఇన్నాళ్ళయినా ఈ బండి ఇంకా ఇటుకలు మోస్తూనే ఉంది.

వైరు బ్రష్షుతో ఒక్కో పట్టీ తోమించాను. ఒక మెయిన్ పట్టీకి సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర వెంట్రుకంత బీట. యూ బోల్టులు వదులైతే బీట అక్కడే పుడుతుందన్నారాయన. దాన్ని మార్చాం. మిగతావాటికి వంపు తగ్గింది. నేల మీద సుద్దముక్కతో వంపు గీసి, పట్టీ దాని మీద ఆనేదాకా సుత్తితో కొడుతూ, కుడివైపు కట్టకూ ఎడమవైపు కట్టకూ పిసరంత తేడా లేకుండా కుదిర్చారు. ఆ పూటంతా పక్కనే కూర్చుని చూశాను. అంత ఓపిగ్గా పని చేసే చేతిని చూసి చాలాకాలమైంది.

గ్రాఫైట్ గ్రీజు, కొత్త బుష్షులు వేశారు. పట్టీల రాపిడి తగ్గితే ఊపు ఆపే భారం షాకబ్సర్ల మీద పడుతుందని అవి కూడా కొత్తవి వేయించాను. తీసేసిన నాలుగు లావు పట్టీలూ కొలిమికి ఇచ్చాను. ఆ ఉక్కుతో బొండాల కత్తులు బాగా కుదురుతాయి.

మండపేట దగ్గర తోటకు 200 అంట్లు ఎక్కించుకుని వెళ్ళాం. కాలవగట్టు మీద గోతులొచ్చినప్పుడల్లా నా చెవులు వెనకే ఉన్నాయి. బండి కుంగింది, లేచింది, సర్దుకుంది. తోటలో దిగాక ఒక సంచి కోసి రైతు చేతిలో పెట్టాను. వేళ్ళతో సహా ముద్ద నిండుగా ఉంది.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి, తప్పక తీసుకురమ్మని పెద్దాయన మరీ మరీ చెప్పారు. రేపటితో వెయ్యి నిండుతుంది. పొద్దున్నే రాజమండ్రి వెళ్ళాలి.