జైతూన్ బట్ట

నాలుగేళ్ళ క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడి నికాహ్ చదివించడానికి వెళ్ళాను. అతడు తొడుక్కున్న షేర్వానీ దీపాల వెలుగులో తళతళ మెరుస్తూ ఉంది. "ఇదేం బట్ట నాయనా?" అని అడిగాను. "శాటిన్, హజ్రత్" అన్నాడు. శాటిన్ అంటే పట్టేనని నా మనసులో ఎప్పటినుంచో స్థిరపడిపోయి ఉంది. పట్టు, బంగారం పురుషులకు నిషిద్ధమనీ స్త్రీలకు ధర్మసమ్మతమనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలిపిన విషయాన్ని అక్కడే, పదిమంది ముందు వినిపించాను. అతడు మారుమాట లేకుండా లోపలికి వెళ్ళి, మేనమామ తెల్లకుర్తా తొడుక్కుని వచ్చాడు. భుజాల దగ్గర అది వదులుగా వేలాడుతూ ఉంది. ఆ షేర్వానీని వాళ్ళమ్మ చీటీ డబ్బులతో కుట్టించిందని ఎవరో అనగా విన్నాను. హరామ్ విషయంలో మొహమాటం పనికిరాదని నాకు నేను చెప్పుకున్నాను.

కొన్ని నెలల తరువాత మా వీధి దర్జీ దగ్గర ఈ ప్రస్తావన వచ్చింది. ఆయన నా మాట పూర్తిగా విని, కత్తిరింపుల్లోంచి ఒక శాటిన్ ముక్క తీసి, దారం లాగి అగ్గిపుల్లతో కాల్చాడు. దారం కరిగి నల్లని గట్టి పూసలా ముద్దకట్టింది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఆ తరువాత అసలు పట్టుదారం కాల్చి చూపాడు. వెంట్రుకలు కాలినట్టు వాసన, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయే బూడిద. "శాటిన్ అనేది నేత పేరు హజ్రత్, దారం పేరు కాదు. పట్టుతో నేసినా శాటినే, పాలిస్టర్‌తో నేసినా శాటినే. ఆ పిల్లాడి షేర్వానీ కుట్టింది నేనే, అది పాలిస్టరే" అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదు కదా" అన్నాడు.

సాదా నేతలో పడుగు దారం ఒక పేక మీదుగా, మరొక పేక కిందుగా పోతుంది. శాటిన్ నేతలో అది నాలుగు లేదా అంతకు మించిన పేకల మీదుగా సాగి, ఒక్కదాని కిందికి దిగుతుంది. అలా పైన పొడుగ్గా పరుచుకున్న దారాల మీద వెలుగు చెదరకుండా పడి మెరుస్తుంది. బట్టను తిరగేస్తే ఆ మెరుపు లేదు.

ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకున్నాను. మన ఇళ్ళలో ఉర్దూలో 'అత్లస్' అనే ఈ బట్టకు ఇంగ్లీషువారి పేరు ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచి వెనుక ఉన్నది అరబీ 'జైతూనీ' అని నిఘంటుకారులలో ఎక్కువమంది అభిప్రాయం. లాటిన్ 'సేటా' నుంచి పుట్టిందనే వారూ ఉన్నారు గాని, నాకు మొదటి మాటే బలంగా తోస్తుంది. పాత స్పానిష్‌లో తూర్పుదేశాల నుంచి వచ్చిన ఒక ఖరీదైన బట్టకు 'అసెయితుని' అని పేరు. ఆ భాషలో ఆలివ్ పండు 'అసెయితునా', అదీ మన జైతూనే.

జైతూన్ మాట 'అత్తీన్' సూరా కంఠస్థం చేసిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. అయితే బట్టకు పేరిచ్చింది ఆ పండు కాదు. చైనా ఆగ్నేయ తీరాన నేడు ఛ్వాన్‌జౌ అనే రేవుపట్టణాన్ని అరబ్బు వర్తకులు జైతూన్ అనేవారు. ఆ ఊరికి పేరు తెచ్చినది ఎర్రపూలు పూసే ఒక ముళ్ళచెట్టు. ఆ చెట్టు చైనా పేరు 'త్సితోంగ్' అరబ్బుల నోట జైతూన్‌గా మారింది. 14వ శతాబ్దంలో అక్కడ ఓడ దిగిన ఇబ్న్ బతూతా, ఊరికి ఆ పేరున్నా అక్కడ జైతూన్ చెట్లే లేవని రాశాడు, ఆ ఊరి పేరుతో చెలామణి అయ్యే పట్టుబట్టలనూ ప్రస్తావించాడు. హిజ్రీ 400 నాటిదని చెప్పే మస్జిదు గోడలు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. లేని చెట్టు పేరుతో ఊరు, ఊరి పేరుతో బట్ట, బట్ట పేరు వినగానే నా తీర్పు!

నన్ను అంతకన్నా బాధించినది మరొకటి ఉంది. మేము పాఠం చెప్పే 'హిదాయా'లోనే, పడుగు పట్టుదైనా పేక మరొక దారమైతే ఆ బట్ట పురుషులు ధరించవచ్చునని ఉంది. బట్ట బట్టగా రూపొందేది నేత వల్ల, నేత పూర్తయ్యేది పేక వల్ల కనుక, పేకనే లెక్కలోకి తీసుకోవాలన్నది అక్కడి తర్కం. ఆ తీరునే పట్టు పడుగుతో, నూలు పేకతో శాటిన్ పద్ధతిలో నేసిన బట్ట మన దక్కనులోనూ తయారయ్యేది. వెలుపల పట్టు మెరుస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. దాని పేరు 'మష్రూ', అంటే షరీఅత్ అనుమతించినది. ఎవరో నేతగాడు మగ్గం మీద అర్థం చేసుకున్న పాఠాన్ని నేను పాతికేళ్ళు పలక మీద చెబుతూ వచ్చాను, ఒక్క బట్టముక్కనైనా తిరగేసి చూడకుండా. ఇప్పుడు ఆ అధ్యాయం వచ్చిన రోజున దర్జీ దగ్గరి కత్తిరింపులు తరగతికి పట్టుకెళ్తున్నాను. పిల్లలు దారాలు లాగి, గది నిండా చెత్త చేస్తారు.

దర్జీ మాట విన్న వారానికే ఆ తల్లి ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె పెట్టె తెరిచి, పాత చీరలో చుట్టిన షేర్వానీని చూపించింది. మడత ఎక్కడా చెదరలేదు. "వాడు జిద్దాలో పనికి కుదిరాడు హజ్రత్. ఈ మాట నాతో కాదు, వచ్చాక వాడితోనే చెప్పండి" అంది. ఫోనులో చెబుతానంటే వద్దంది. అప్పుడు పదిమంది ఉన్నారు కదా, ఇప్పుడూ వాళ్ళు ఉండాలట.

అతడు వచ్చే రంజాన్‌కు సెలవు మీద వస్తున్నాడని మొన్న కబురు వచ్చింది.